స్టార్ ట్రెక్‌లో రైకర్ హత్య కేసు ఎపిసోడ్: ఆ గదిలో అసలేం జరిగిందో చెప్పకుండానే వదిలేశారా?

నక్షత్రధూళి

ముగింపుతో సహా కథ మొత్తం కింద రాసేస్తున్నాను, చూడనివాళ్లు ముందు ఎపిసోడ్ చూసి రండి.

నిన్న రాత్రి స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్ 3వ సీజన్ 14వ ఎపిసోడ్ "ఎ మ్యాటర్ ఆఫ్ పర్‌స్పెక్టివ్" చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చూశాను. 1990 ఫిబ్రవరిలో వచ్చింది. మర్చిపోయినవాళ్ల కోసం కథ క్లుప్తంగా చెప్తాను. టనూగా అనే గ్రహం చుట్టూ తిరిగే ఒక స్టేషన్‌లో డాక్టర్ అప్గార్ అనే శాస్త్రవేత్త క్రీగర్ తరంగాలనే కొత్త రకం శక్తి మీద పరిశోధన చేస్తుంటాడు. పని ఎక్కడిదాకా వచ్చిందో చూడ్డానికి ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష ఓడలో కెప్టెన్ తర్వాతి అధికారి రైకర్ వెళ్తాడు. అతను ట్రాన్స్‌పోర్టర్‌లో (మనిషిని ఒకచోట కరిగించి ఇంకోచోట తేల్చే యంత్రం) ఎంటర్‌ప్రైజ్‌కి తిరిగొస్తున్న క్షణంలోనే స్టేషన్ పేలిపోతుంది, అప్గార్ చనిపోతాడు. క్రాగ్ అనే దర్యాప్తు అధికారి వచ్చి రైకరే చంపాడు, మాకు అప్పగించండి అంటాడు. పైగా వాళ్ల చట్టం ప్రకారం నేరం చేయలేదని నిందితుడే రుజువు చేసుకోవాలి. అప్పగించాలా వద్దా అన్న నిర్ణయం కెప్టెన్ పికార్డ్‌ది, అందుకని ఒక్కొక్కరి వాంగ్మూలాన్నీ హోలోడెక్‌లో (ఏ చోటునైనా నిజంలా కట్టి చూపించే గది) దృశ్యంగా కట్టి అందరూ కలిసి చూస్తారు.

స్టేషన్‌లో రైకర్‌కి ఇచ్చిన గదిలో జరిగిందాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. రైకర్ కథలో అప్గార్ భార్య మనూవాయే తనంతట తాను చొరవ తీసుకుని దగ్గరకొస్తుంది, ఇతను వద్దంటాడు. మనూవా కథలో రైకర్ ఆమె మీద బలవంతానికి దిగుతాడు. ఇక అప్గార్ సహాయకురాలు టేనా ఉంది, ఆమె కళ్లారా చూసిందేమీ లేదు, అప్గార్ తనతో ఏం చెప్పాడో అది చెప్తుంది, అందులో కొట్లాటలో అప్గార్‌దే పైచేయి.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని విషయం. స్టేషన్ ఎందుకు పేలిందో చివర్లో చక్కగా తేలిపోతుంది. కానీ ఆ గదిలో రైకర్‌కీ మనూవాకీ మధ్య ఏం జరిగిందన్నది తేలదు, ఆ ఊసే మళ్లీ ఎత్తరు. మధ్యలో రైకర్ ఓడ కౌన్సెలర్ ట్రాయ్ దగ్గర ఆమె అబద్ధాలు చెప్తోందని మొత్తుకుంటే, లేదు, ఆమె అబద్ధం ఆడటం లేదు, ఎవరికి గుర్తున్న నిజం వాళ్లు చెప్తున్నారు అంటుంది ట్రాయ్. చిన్నప్పుడు ఆ మాట ఎంత గొప్పగా అనిపించిందో! ఇప్పుడు మాత్రం గొంతులో ముల్లులా ఉంది. ఎవరు ముందు చెయ్యి వేశారు అన్నది కూడా జ్ఞాపకంలో తేడానేనా? రచయిత కావాలనే తెరిచి వదిలేశాడా, లేక హత్య ముడి విప్పేసరికి టైమ్ అయిపోయి దీన్ని గాలికి వదిలేశారా? మీకేమనిపించిందో చెప్పండి.

---

పాతకేసెట్

నాకు చాలా ఇష్టమైన ఎపిసోడ్, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తాను.

ఒకే సంఘటనను నలుగురు నాలుగు రకాలుగా చెప్పే కథలు కురోసావా 1950లో తీసిన "రషోమాన్" తర్వాత టీవీలో కొల్లలుగా వచ్చాయి. పోలీసు సీరియల్స్‌లో, కామెడీల్లో, ఎక్కడ చూసినా ఉన్నాయి. సైన్స్ ఫిక్షన్‌లో పెట్టినప్పుడు ఆ జానర్‌కి మాత్రమే సాధ్యమయ్యే పని ఏదైనా చేయించాలి, లేకపోతే కోర్టు కథకే అంతరిక్షం బట్టలు తొడిగినట్టు ఉంటుంది. ఇందులో ఆ పని చేయించారు, అదే నాకు నచ్చేది.

విచారణ జరుగుతుండగా ఓడలో ఉన్నట్టుండి రేడియేషన్ దెబ్బలు తగులుతుంటాయి గుర్తుందా? లోహం కరిగిపోయి గోడకి చిల్లులు పడతాయి. కారణం ఏంటా అని ఓడ సిబ్బంది జోర్డీ, డేటా, వెస్లీ తల బద్దలు కొట్టుకుంటారు. అసలు సంగతేంటంటే, అప్గార్ జనరేటర్ కింద గ్రహం మీద ఉంది, అది ఒక లెక్క ప్రకారం కొన్ని గంటలకోసారి శక్తిని పైకి వదులుతూనే ఉంది, స్టేషన్ పేలిపోయిందని దానికి తెలియదు కదా. హోలోడెక్ తనంతట తాను ప్రమాదకరమైనదేదీ పుట్టించలేదు. కానీ శక్తిని క్రీగర్ తరంగాలుగా మార్చడానికి అప్గార్ కట్టిన యంత్రం, అంటే కన్వర్టర్, నిజానికి అద్దాలూ, శక్తిని వెనక్కి తిప్పే చుట్టలూ ఒక పద్ధతిలో అమర్చిన వస్తువు, అంతే. వాంగ్మూలాల కోసం హోలోడెక్ ఆ స్టేషన్‌ని అచ్చు గుద్దినట్టు కట్టేసరికి ఈ నకిలీ కన్వర్టర్ కూడా కింద నుంచి వచ్చిన శక్తిని నిజంగానే క్రీగర్ తరంగాలుగా మార్చేసింది. అంటే తన యంత్రం ఇంకా పూర్తి కాలేదని అప్గార్ అందరికీ చెప్పింది అబద్ధం.

ఇందులో అందం చూడండి. మనుషులు ఏ కథ చెప్పినా, ఎవరి కథ నడుస్తున్నా, వెనకాల ఆ కన్వర్టర్ మాత్రం అదే చోట నిలబడి ఉంది. రైకర్ కథలోనూ ఉంది, మనూవా కథలోనూ ఉంది. మనం మనుషుల మొహాలు చూస్తూ కూర్చున్నాం, అది తన పని తాను చేసుకుపోయింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అని ఎవరికి వాళ్లు పట్టుబడతారు, అద్దానికి ఆ పట్టుదల ఉండదు.

అందుకే మీ ప్రశ్నకి నా సమాధానం: కావాలనే వదిలేశారు. అద్దం చెప్పగలిగింది చెప్పించారు, చెప్పలేనిది చెప్పించలేదు. ఆ గదిలో ఎవరి చెయ్యి ముందు కదిలిందో ఏ కన్వర్టరూ రికార్డు చేయలేదు.

---

వెన్నెలదారి

పాతకేసెట్ గారూ, కన్వర్టర్ గురించి మీరు చెప్పింది అక్షరాలా ఒప్పుకుంటాను, ఆ కోణంలో నేనెప్పుడూ చూడలేదు. కానీ "కావాలనే వదిలేశారు" అనే దగ్గర ఒప్పుకోలేను.

ఎపిసోడ్ చూపించే క్రమం గమనించండి. ముందు రైకర్ కథ వస్తుంది. మనకి అతను రెండున్నర సీజన్లుగా తెలుసు, అతను నవ్వితే మనమూ నవ్వే స్థితిలో ఉన్నాం. మనూవా ఎవరో మనకి తెలియదు, మొదటిసారి ఆమెని చూసేదే రైకర్ కళ్లతో, వయ్యారాలు పోయే మనిషిగా. ఆ తర్వాత ఆమె వచ్చి తన మీద బలవంతం జరిగిందని చెప్తే మనం వినేది ఒక ఫిర్యాదును కాదు, రైకర్ మీద పడ్డ నిందను. ఇదే కథ ఆమె వాంగ్మూలంతో మొదలైతే ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించుకోండి.

ఇంకోటి. చివర్లో హత్యానేరం పోయేసరికి అన్నీ పోయాయి. క్రాగ్ అప్పగింత కోరికను వెనక్కి తీసుకుంటాడు, ఓడ బయల్దేరుతుంది. కానీ హత్య చేయనంత మాత్రాన ఆమె చెప్పిన రెండో మాటకి జవాబు వచ్చినట్టు కాదు కదా! ఆ రెండూ వేరు వేరు ఆరోపణలు. ఒకటి కొట్టేస్తే రెండోది కూడా దానంతటదే కొట్టుకుపోయినట్టు చూపించడం నాకు చూసిన ప్రతిసారీ గుచ్చుకుంటుంది. రైకర్ తప్పు చేశాడని నేను అనడం లేదు, ఆ పాత్ర అలాంటిది కాదని నాకూ తెలుసు. ఆమె అంత నొప్పితో చెప్పిన మాటను కథ నడిపే మెట్టుగా వాడుకుని దాటి వెళ్లిపోయారనే నా బాధ.

ట్రాయ్ మాట గురించి మాత్రం నక్షత్రధూళి గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఆమె ఎదుటివాళ్ల మనసులోని భావాలు పట్టగలదు, మనూవా అబద్ధం ఆడటం లేదని ఆమె అంటే అది కథలో సాక్ష్యంతో సమానం. అంత పెద్ద మాట అనిపించి, దాని బరువు ఎవరూ మోయలేదు.

---

గుర్తొచ్చింది

నేను చదివింది సైకాలజీ, జ్ఞాపకం నాకు ఇష్టమైన విషయం, అందుకే ఆ ట్రాయ్ మాట దగ్గరే ఆగుతాను.

1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ ఒక ప్రయోగం చేశారు. 45 మంది విద్యార్థులకి కార్లు గుద్దుకునే చిన్న చిన్న వీడియోలు చూపించి, కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. అందరూ చూసినవి అవే వీడియోలు. తేడా ప్రశ్నలోని ఒక్క క్రియలోనే. "ఒకదాన్నొకటి తాకినప్పుడు" అన్నట్టు మెత్తగా అడిగితే సగటున గంటకి 31.8 మైళ్లు అన్నారు, "ఢీకొని నుజ్జయినప్పుడు" అన్నట్టు అడిగితే 40.8 అన్నారు. తర్వాత 150 మందితో ఇంకో ప్రయోగం చేశారు, ఇది నాకు మరీ భయం వేస్తుంది. వారం ఆగి, పగిలిన గాజు చూశారా అని అడిగారు. వీడియోలో గాజు లేనే లేదు. గట్టి మాటతో అడిగిన 50 మందిలో 16 మంది చూశామన్నారు, మామూలు మాటతో అడిగిన 50 మందిలో 7 మంది, వేగం గురించి అసలు అడగని 50 మందిలో 6 మంది.

వాళ్లలో ఎవరూ అబద్ధం ఆడలేదు. ట్రాయ్ సరిగ్గా అదే అంటోంది, అది 1990 నాటి టీవీలో ఒక పాత్ర చేత అనిపించడం చిన్న విషయం కాదు.

అయితే నక్షత్రధూళి గారి అనుమానంలో కూడా బలం ఉంది. జ్ఞాపకం ఎక్కువగా జారేది ఎక్కడంటే, వేగం, దూరం, గొంతు ఎంత పెంచారు, నవ్వు స్నేహంగా ఉందా వెకిలిగా ఉందా, ఇలాంటి చోట్ల. ఎవరు ఎవరి మీదకి వెళ్లారన్నది పూర్తిగా తలకిందులు కావడం అసాధ్యమని అనను గానీ, అరగంటలో ముగిసిన ఒక సంఘటనకి, అదీ ఒకటి రెండు రోజుల్లోనే, అంత తేడా అంటే మామూలు మరపుతో సర్దుకుపోయేది కాదు. రచయిత ఆ రెండు కథలనూ ఇంకొంచెం దగ్గరగా రాసి ఉంటే, అంటే అవే మాటలు, అవే అడుగులు, గొంతూ చూపూ మాత్రమే వేరు, అలా ఉంటే ట్రాయ్ మాట బండరాయిలా నిలబడేది. ఇప్పుడున్నట్టు అయితే మాట సరైనదే, దాని కింద పెట్టిన ఉదాహరణ సరిపోలేదు.

నా సంగతి ఒకటి చెప్తాను. మా అక్కకీ నాకూ చిన్నప్పుడు ఒక గొడవ జరిగింది, గాజు తలుపు పగిలింది. తలుపు తోసింది అక్క అని నాకు కళ్లకి కట్టినట్టు గుర్తు, అక్క చెయ్యి, అక్క వేసుకున్న పచ్చ గౌను కూడా గుర్తు. పాతికేళ్ల తర్వాత మాటల్లో వచ్చింది. అక్కకి కూడా అంతే స్పష్టంగా నేను తోసినట్టు గుర్తు. పచ్చ గౌను వేసుకున్నది నేనట. ఆ రోజు నించి నాకు బాగా గుర్తున్న వాటి మీదే ఎక్కువ అనుమానం.

---

రెండోసారి

ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది. ఈ ఎపిసోడ్ దర్శకుడు క్లిఫ్ బోల్. ఎనిమిదేళ్ల తర్వాత, 1998 ఫిబ్రవరిలో, ఎక్స్ ఫైల్స్ అనే సీరియల్ 5వ సీజన్‌లో వచ్చిన "బ్యాడ్ బ్లడ్" దర్శకుడు కూడా ఆయనే! దాని రచయిత విన్స్ గిలిగన్. రెండూ ఒకే పద్ధతి, రెండు కథనాలు ఢీకొనే కథలు. నాకు ఇది తెలిసిన రోజు రెండూ వరసగా పెట్టుకుని చూశాను, అందరికీ అదే సలహా ఇస్తాను.

బ్యాడ్ బ్లడ్‌లో ఎఫ్‌బీఐ ఏజెంట్ మల్డర్ ఒక కుర్రాడిని రక్తపిశాచి అనుకుని గుండెలో మేకు దించేస్తాడు. పైఅధికారికి ఏం చెప్పాలో తేల్చుకోవడానికి మల్డర్, అతనితో పనిచేసే ఏజెంట్ స్కల్లీ ఒకరికొకరు తమ కథ చెప్పుకుంటారు. స్కల్లీ కథలో ఆ ఊరి షెరీఫ్ అందగాడు, మాటతీరు మర్యాదగా ఉంటుంది. మల్డర్ కథలో అదే షెరీఫ్‌కి పళ్లు ఎత్తుగా బయటికి ఉంటాయి. స్కల్లీ కథలో మల్డర్ ఆమె మాట పూర్తిగా వినడు, మల్డర్ కథలో స్కల్లీ ప్రతిదానికీ విసుక్కుంటుంది. జరిగిన సంఘటనలు దాదాపు అవే, మారింది మనుషుల తీరు. పైన గుర్తొచ్చింది గారు ఎలా రాసి ఉంటే బాగుండేది అన్నారో అచ్చంగా అలాగే రాశారు!

అందులో ఎవరు నిజం చెప్పారని మనం అడగం, అడగాలనిపించదు. ఎవరికి ఎవరి మీద ఏం కోపం ఉంది, ఎవరికి ఎవరు నచ్చారు, అది తెలిసిపోతుంది. ఐదేళ్లు పక్కపక్కన పని చేసిన ఇద్దరు ఒకరినొకరు ఎలా చూస్తున్నారో మామూలు ఎపిసోడ్ ఇరవై తీసినా చెప్పలేనిది ఒక్కదాంట్లో చెప్పారు.

నెక్స్ట్ జనరేషన్ ఎపిసోడ్‌కి ఉన్న చిక్కు అక్కడే ఉంది. మనూవా, టేనా ఇద్దరూ ఆ ఒక్క గంటకి వచ్చి వెళ్లిపోయే పాత్రలు. వాళ్ల కథనం తప్పుదారి పట్టినా దాని వల్ల వాళ్ల గురించి మనకి కొత్తగా తెలిసేది తక్కువ. ఈ పద్ధతి బాగా పండాలంటే చెప్పేవాళ్లందరూ మనకి ముందే దగ్గరివాళ్లై ఉండాలని నా అభిప్రాయం.

అంధగజ న్యాయం అంటుంటారు కదా ఇలాంటి కథల గురించి, అది కూడా సరిగ్గా అతకదు అనిపిస్తుంది. ఆ కథలో కళ్లున్నవాడు ఒకడు పక్కన నిలబడి ఏనుగుని చూస్తుంటాడు. ఇక్కడ ఆ గదిలో కళ్లున్న మూడోవాడు లేడు.

---

పాతకేసెట్

రెండోసారి గారూ, ఆ దర్శకుడి సంగతి నాకు తెలియదు, చాలా సంతోషం! రెండూ కలిపి ఈ వారంలోనే చూస్తాను.

వెన్నెలదారి గారు చెప్పిన క్రమం విషయం ఆలోచిస్తే మీ మాటే కరెక్ట్ అనిపిస్తోంది. నేను కన్వర్టర్ దగ్గరే ఆగిపోయాను. ఆమె ఆరోపణకి జవాబు దొరకలేదని చివర్లో పికార్డ్ చేత ఒక్క మాట అనిపించినా సరిపోయేది, తీర్పు చెప్పనక్కర్లేదు. అలా అనిపించలేదు కాబట్టి "కావాలనే" అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఒక్క విషయంలో మాత్రం ఎపిసోడ్ పక్షాన నిలబడతాను. మొట్టమొదటి సీన్ గుర్తుందా? పికార్డ్ బొమ్మలు గీయడం నేర్చుకుంటుంటాడు. ఎదురుగా ఒకే మోడల్, చుట్టూ ముగ్గురు గీస్తుంటారు, మూడు బొమ్మలూ మూడు రకాలు. మనిషి రూపంలోని యంత్రమైన డేటా వచ్చి ఒక్కో బొమ్మనీ విశ్లేషిస్తాడు, పికార్డ్ బొమ్మ దగ్గరికొచ్చేసరికి మొహమాటం లేకుండా చెప్పేస్తాడు. కథతో సంబంధం లేని సరదా సీన్ అనుకుంటాం. తర్వాత వచ్చే మూడు వాంగ్మూలాలకీ అదే నమూనా. ఇంత ఆలోచించి మొదలుపెట్టినవాళ్లు చివరికి వచ్చేసరికి అజాగ్రత్తగా ఉన్నారని నమ్మడం నాకు కష్టంగా ఉంది, బహుశా నలభై అయిదు నిమిషాల్లో పట్టలేదేమో.

---

వెన్నెలదారి

ఆ బొమ్మల సీన్ నాకూ ఇష్టం. కానీ గీసిన ముగ్గురి బొమ్మలూ చూశాక, మోడల్‌గా కూర్చున్న ఆమె మాట ఎవరైనా అడిగారేమో చూడండి. లేదు. మనూవా దగ్గర జరిగింది కూడా అదేనని నాకనిపిస్తుంది.

ఇలాంటి కథ ఇంకా బాగా కావాలనుకునేవాళ్లకి స్టార్ ట్రెక్: వాయేజర్ అనే ఇంకో సీరియల్‌లో 1998లో వచ్చిన "లివింగ్ విట్‌నెస్" చెప్తాను. ఏడు వందల ఏళ్ల తర్వాత ఒక మ్యూజియంలో వాయేజర్ ఓడ సిబ్బందిని హంతకుల్లా చూపించే ప్రదర్శన నడుస్తుంటుంది, అక్కడి జనానికి అదే చరిత్ర. ఆ ఓడ డాక్టర్ మనిషి కాదు, ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్, దాని నకలు ఒకటి మేలుకుని ఇదంతా తప్పు అంటాడు. అక్కడ చూసినవాడు ఒక్కడే, వినాల్సింది రెండు జాతుల జనం, ఎవరి కథ నిలబడితే ఎవరికి లాభమో కూడా ఉంది. కథనం మారితే ఎవరి బతుకు మారుతుందో అందులో అడిగారు, ఇందులో అడగలేదు.

---

నక్షత్రధూళి

అందరికీ థాంక్స్. ఇన్ని మాటలు వస్తాయనుకోలేదు.

మీరు రాసినవి చదివాక ఇందాక ఎపిసోడ్ రెండో సగం మళ్లీ పెట్టాను, ఒక విషయం దొరికింది. మనం ముగ్గురి కథనాలు అంటున్నాం గానీ నాలుగోది ఉంది, క్రాగ్‌ది. అతను అక్కడ లేడు. ఆధారాలు కలిపి హోలోడెక్‌లో తన ఊహని నడిపిస్తాడు: రైకర్ ట్రాన్స్‌పోర్టర్‌లో కరిగిపోతూ ఫేజర్ (కిరణాల తుపాకీ) కాలుస్తాడు, స్టేషన్ రియాక్టర్‌కి తగులుతుంది, స్టేషన్ పేలుతుంది. శక్తి వచ్చింది రైకర్ నిలబడ్డ చోటు నుంచే అన్న ఆధారం నిజం. ట్రాన్స్‌పోర్టర్‌లో శక్తి ఒక్కసారిగా తగ్గిందని దాన్ని నడిపే ఓబ్రయన్ చెప్పింది కూడా నిజం. అప్గార్ తన కన్వర్టర్‌తో రైకర్‌ని చంపబోయాడు, ఆ కిరణం ట్రాన్స్‌పోర్టర్ కిరణానికి తగిలి వెనక్కి తిరిగి స్టేషన్ రియాక్టర్‌ని కొట్టింది, కాబట్టి అది రైకర్ దగ్గర్నుంచే బయల్దేరినట్టు కనిపించింది.

గుర్తొచ్చింది గారు చెప్పిన జ్ఞాపకం సమస్య క్రాగ్‌కి లేదు, వెన్నెలదారి గారు చెప్పిన అభిమానం సమస్య కూడా లేదు. రైకర్ అతనికి ఎవరో కూడా తెలియదు. చేతిలో ఉన్న ఒక్క ఆధారమూ తప్పు కాదు, అయినా మనిషిని ఉరికంబం దాకా తీసుకెళ్లేవాడు. మనూవాదో రైకర్‌దో ఏది నిజమని రాత్రంతా కొట్టుకున్నాను గానీ, నలుగురిలో నాకు ఇప్పుడు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇతని వెర్షన్.

పాతకేసెట్ గారూ, మీరు మళ్లీ చూసినప్పుడు క్రాగ్ మాట్లాడేటప్పుడు పికార్డ్ మొహం చూడండి. అతను కూడా ఒక్క క్షణం నమ్మినట్టే నాకు కనిపించింది. మీకూ అలాగే అనిపిస్తే ఇక్కడ రాయండి.